గులాబ్‌రాయ్ దగ్గర ఆగిన బస్సు

బదరీనాథ్ వెళ్ళివచ్చినవాళ్ళు అలకనంద గురించి చెబుతారు, తప్తకుండంలో స్నానం గురించి చెబుతారు, దారి పొడుగునా పప్పూ పచ్చడీ దొరకని బాధ గురించి మరీ చెబుతారు. నేను తుపాకి గురించి చెప్పబోతున్నాను. తీర్థయాత్రకు పోయి తుపాకి కబుర్లు మూటగట్టుకొచ్చాడేమిటీ మనిషి అని మా వదినగారు అప్పుడే ఆక్షేపించారు. పాఠకులకూ అలాగే తోస్తే ఆవిడ పక్షాన మరొకరు చేరారనుకుంటాను.

2019 మే నెల. తెల్లవారుజామున రిషీకేశ్‌లో బస్సెక్కాం. ముప్పైమందిమి, అందరం తెలుగువాళ్ళమే. దేవప్రయాగలో భాగీరథీ అలకనందా కలిసే చోటు కిటికీలోంచే చూసి దండం పెట్టుకున్నాం. శ్రీనగరం దాటాం. ఇది కాశ్మీరంలోది కాదు, గఢ్వాల్ శ్రీనగరం. ఆ సంగతి మా బస్సులో ఒకాయనకు దేవప్రయాగ నుంచీ చెబుతూనే ఉన్నా, ఆయన మాత్రం దాల్ సరస్సు ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నాడు. రుద్రప్రయాగ ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లు ఉందనగా బస్సు ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్న చోట కొండచరియ జారిందట. మట్టి తోసే యంత్రం వచ్చి దారి చేసేసరికి రెండు మూడు గంటలు పడుతుందని డ్రైవరు చెప్పి, సీటు మీదే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

ఆడవాళ్ళు చేగోడీల డబ్బా మూత తీశారు. నేను దిగాను. నాలుగడుగులు వేసేసరికి రోడ్డు పక్కన జిమ్ కార్బెట్ పేరుతో ఒక ఫలకం కనిపించింది. అప్పుడు తెలిసింది నాకు, మేము ఆగింది గులాబ్‌రాయ్ దగ్గరని.

కార్బెట్ పుస్తకాలు చదివినవారికి ఈ పేరు చెబితే చాలు. చదవనివారి కోసం నాలుగు ముక్కలు. 1918 నుంచి 1926 వరకు ఎనిమిదేళ్ళపాటు ఈ కొండల్లో ఒక చిరుతపులి మనుషులను తింటూ తిరిగింది. సర్కారువారి లెక్క ప్రకారమే 125 మంది. కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికులు నడిచే దారి ఇదే కావడంతో దాని సంగతి దేశమంతా పాకింది. చీకటి పడితే ఈ ఊళ్ళలో తలుపు తీసేవాడు లేడు. దాహమేసినా, పిల్లవాడు ఏడ్చినా, తెల్లవారవలసిందే. అప్పట్లో గులాబ్‌రాయ్‌లో యాత్రికులు రాత్రిళ్ళు తలదాచుకునే పాక ఒకటుండేది. దాని యజమాని అయిన పంతులుగారిని కూడా 1921లో ఆ చిరుత గొంతు పట్టింది. ఆయన ఎలాగో బతికి బయటపడ్డాడు.

1926 వేసవిలో కార్బెట్ ఇక్కడి మామిడిచెట్టెక్కి కూర్చున్నాడు. కింద మేకను కట్టి, దాని మెడకు గంట కట్టాడు. పది రాత్రులు గడిచినా పులి రాలేదు. ఇంకొక్క రాత్రి చూద్దామని కూర్చున్నాడు. ఆ రాత్రి గంట గణగణమంది. రైఫిల్‌కు బిగించిన టార్చి మీట నొక్కాడు. వెలుగు పడేసరికి గురి సరిగ్గా చిరుత భుజం మీదే ఉంది. తుపాకిని వెంట్రుకవాసి కూడా కదపనక్కరలేకపోయింది. కాల్చాడు. కాల్చిన క్షణంలోనే టార్చి ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియక తెల్లవారేదాకా చెట్టు మీదే ఉండిపోయాడు. పొద్దున దిగి చూస్తే యాభై గజాల దూరంలో చచ్చి పడి ఉంది ముసలి మగచిరుత. కొలిస్తే ఏడడుగుల ఆరంగుళాలు.

ఫలకం ముందు నిలబడి ఇదంతా మననం చేసుకుంటూ, చెట్టుకూ మేకకూ మధ్య ఉండిన ఇరవై గజాలను అడుగులతో కొలుస్తున్నాను. ‘‘ఏమిటి మాస్టర్‌జీ, ఏమైనా పారేసుకున్నారా?’’ అని హిందీలో ఎవరో పలకరించారు.

నేను మాస్టరునని ఆయనకు ఎలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు. ముప్పైయేళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన మాట నిజమే. అది ముఖాన రాసి ఉంటుందని మా ఆవిడ అంటుంది. పలకరించినాయనకు డెబ్బై దాటి ఉంటాయి. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. తెల్ల మీసం, గఢ్వాలీ టోపీ. రోడ్డు పక్క టీ దుకాణం కొడుకుదట, పెత్తనం మాత్రం ఈయనదే. గఢ్వాల్ రైఫిల్స్‌లో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాడు. చివరి పదేళ్ళూ లాన్స్‌డౌన్‌లో కొత్త కుర్రాళ్ళకు తుపాకి నేర్పడమే ఆయన ఉద్యోగం. అంటే మేమిద్దరం ఒక విధంగా ఒకే వృత్తివాళ్ళం.

‘‘ఇరవై గజాలేనా సుబేదార్ సాబ్? ఈ దూరంలో మా ఎన్.సి.సి. పిల్లలు కూడా కొడతారు’’ అన్నాను. కాలేజీలో చదివేటప్పుడు నేనూ ఇరవై అయిదు గజాల నుంచి పాయింట్ టూటూ రైఫిల్ కాల్చినవాణ్ణే.

ఆయన నవ్వి టీ గ్లాసు చేతికిచ్చాడు. ‘‘అది బరువైన తుపాకి, చిన్న తూటా. తన్నదు, ఊగదు. అడవిలో మోసే తుపాకి అలాంటిది కాదు’’ అన్నాడు.

అక్కడితో మొదలైన పాఠం బస్సు హారను కొట్టేదాకా సాగింది.

కార్బెట్ దగ్గర పెద్ద తుపాకులు లేకపోలేదు. రెండు గొట్టాల ఏనుగు తుపాకులు నాలుగున్నర, అయిదు కిలోలు తూగుతాయి. అయినా ఆయనకు ప్రాణంగా ఉండినది రిగ్బీవారి పాయింట్ 275 రైఫిల్. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు సంయుక్తరాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూవెట్ దొర దానిని బహుమానంగా ఇచ్చాడు. మడమ మీద వెండిరేకు మీద ఆ మాట చెక్కించారు కూడా. మౌజర్ మరతో చేసిన తేలిక తుపాకి అది. 2016లో దానిని ఇంగ్లండు నుంచి తెచ్చి కాలాఢుంగీ పక్క కార్బెట్ నివసించిన ఊళ్ళో చూపించారని పత్రికల్లో చదివాను. సుబేదారు చూడలేకపోయాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ దాగలేదు.

‘‘తేలిక తుపాకి ఎందుకు మంచిదో చౌగఢ్ పులి కథ చెబుతుంది’’ అన్నాడాయన. ఆ కథ నాకూ తెలుసు. 1930లో కార్బెట్ ఎడమచేతిలో ఏవో పిట్టగుడ్లు పట్టుకుని, కుడిచేతిలో రైఫిల్‌తో ఒక బండ పక్కనుంచి దిగి వెనక్కి చూస్తే ఎనిమిదడుగుల దూరంలో నరభక్షకి కూర్చుని ఉంది. తుపాకి అవతలి వైపుకు తిరిగి ఉంది. ఒంటిచేత్తో, అంగుళం అంగుళం చొప్పున, ముప్పాతిక చుట్టు తిప్పి కాల్చాడు. తాను బతికి బయటపడడానికి చేతిలో ఉన్నది తేలిక తుపాకి కావడం ఒక కారణమని ఆయనే రాసుకున్నాడు. అయిదు కిలోల తుపాకిని ఒంటిచేత్తో అలా తిప్పడం అయ్యే పనేనా!

‘‘కాని మాస్టర్‌జీ, తేలిక తుపాకి పొగరుబోతు గుర్రం లాంటిది. మోయడానికి హాయి, కాల్చడానికి కష్టం. అందరూ మోసి చూసి కొంటారు. కాల్చి చూసి కొనరు.’’

నా చేతికర్ర తీసుకుని భుజానికి ఆనించమన్నాడు. కర్ర కొన ఎదురుకొండ మీది దేవదారు చెట్టు మీద పెట్టమన్నాడు. పెట్టాను. కొన నిలవలేదు. చిన్నగా, లెక్క తప్పకుండా అటూ ఇటూ ఊగుతోంది. ‘‘అది మీ గుండె’’ అన్నాడు. బరువైన తుపాకి తన బరువుతోనే ఆ ఊపును మింగేస్తుంది. తేలికదానికి ఆ శక్తి లేదు. అందులోనూ కొండెక్కి వచ్చిన మనిషి గుండె డోలు వాయిస్తూ ఉంటుంది. కూర్చోవాలి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించాలి, తోలుపట్టాను ఎడమచేతికి మెలివేసి బిగించాలి, సగం ఊపిరి వదిలి అక్కడ ఆపాలి. ఎక్కువసేపు ఆపినా కళ్ళు మసకబారతాయి. అయిదారు సెకన్లలో పని కాకపోతే మళ్ళీ ఊపిరి పీల్చుకుని మొదటి నుంచి మొదలుపెట్టాలి.

తరవాత మీట సంగతి. రెండు కిలోల బలంతో లాగవలసిన మీట, మూడు కిలోల తుపాకికి ఉంటే ఏమవుతుంది? వేలు లాగేటప్పుడు తుపాకే పక్కకు జరుగుతుంది. ఖాళీ తుపాకితో రోజుకు ఇరవైసార్లు మీట నొక్కడం అభ్యాసం చేయించేవాడట ఆయన. గొట్టం కొన దగ్గర నాణెం నిలబెట్టి, అది పడకుండా నొక్కినవాడికే నిజం తూటా ఇచ్చేవాడట. ముందరి గురిముల్లును వాళ్ళు ‘మక్ఖీ’ అంటారు, ఈగ అన్నమాట. ‘‘ఈగ కదలకూడదు, నువ్వూ కదలకూడదు’’ అని రోజుకు వందసార్లు అరిచేవాణ్ణని చెబుతూ ఇప్పుడూ అరిచాడు. టీ తాగుతున్న మా దాల్ సరస్సాయన ఉలిక్కిపడ్డాడు.

తన్ను గురించి చెప్పబోతే నేను అడ్డుపడ్డాను. ఇది నా పాఠం. తూటా ముందుకు ఎంత వేగపరిమాణంతో పోతే తుపాకి వెనక్కి అంతతోనే వస్తుంది. అదే తూటాను నాలుగు కిలోల తుపాకి బదులు మూడు కిలోల దాంట్లో కాలిస్తే తన్ను శక్తి మూడోవంతు పెరుగుతుంది. సుబేదారు శ్రద్ధగా విన్నాడు. ‘‘ఆ లెక్క నాకు రాదు. భుజానికి మాత్రం వచ్చు’’ అన్నాడు. భుజానికి రావడమే ప్రమాదమట. రెండుసార్లు తన్ను తిన్నవాడు మూడోసారి పేలకముందే కన్ను మూసి భుజం బిగిస్తాడు. దానికాయన మందు ఇదీ: కాల్చేవాడికి తెలియకుండా గుళ్ళ మధ్య ఉత్తుత్తి గుండు ఒకటి పెట్టడం. అది పేలదు. కాని తుపాకి కొన కిందికి గుంజుకోవడం మాత్రం అందరికీ కనబడుతుంది. ఆ సిగ్గుతో సగం జబ్బు కుదురుతుందట.

సన్నగొట్టం త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కితే గుళ్ళు కొద్దికొద్దిగా పక్కకు నడుస్తాయి. అందుకని మూడు కాల్చి, ముట్టుకుంటే చల్లగా ఉండేదాకా ఆగాలి. అడవిలో లెక్కకు వచ్చేది ఎలాగూ చల్లగొట్టం నుంచి పోయే మొదటి గుండే. ఒకే రకం తూటాలు వాడాలి. ఒక తుపాకికి నచ్చినవి ఇంకొకదానికి నచ్చవు. అది ఎందుకని నేను అడగలేదు. మా ఇంట్లో కాఫీపొడి విషయమూ అంతే.

కర్ర విషయం చెప్పేటప్పుడు ఆయన స్వరం తగ్గింది.

రిటైరయ్యాక ఆయన పాయింట్ 315 రైఫిల్ ఒకటి లైసెన్సు మీద కొన్నాడు. కొండదారిలో మోయడానికి బరువనిపించి, వడ్రంగి చేత కర్ర చెక్కించి తేలిక చేయించాడు. చెక్కిన చోట నూనె సరిగ్గా పట్టించలేదు. వానాకాలంలో కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కనుంచి నొక్కసాగింది. గొట్టానికీ కర్రకూ మధ్య ఒక కాగితం ఆ చివరినుంచి ఈ చివరిదాకా జారాలి, అదీ పరీక్ష. పదేళ్ళు పిల్లలకు నేర్పిన పరీక్ష, తన తుపాకికి చేయలేదు.

ఆ ఏడు పై ఊళ్ళో ఒక చిరుత పిల్లను ఎత్తుకుపోయింది. 1972 చట్టం వచ్చాక ఎంత నరభక్షకమైనా సరే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఎవరూ కాల్చడానికి వీల్లేదు. ఆ అనుమతి వచ్చింది. షికారీతోపాటు ఈయన పేరూ అందులో ఉంది. నాలుగోనాటి సాయంకాలం కొండవాలు మీంచి, కింద రెండు వందల మీటర్లలో, చిరుత కనిపించింది. కూర్చున్నాడు, ఊపిరి ఆపాడు, ఛాతీ నడిమికి గురిపెట్టాడు, కాల్చాడు. గుండు వీపు మీంచి తోలు చీల్చుకుంటూ పోయింది.

‘‘కర్ర వల్ల కొంత తప్పింది. వాలు వల్ల కొంత తప్పింది’’ అన్నాడు. వాలు లెక్క నేను నేలమీద పుల్లతో గీశాను. నలభై అయిదు డిగ్రీల వాలులో రెండు వందల మీటర్లంటే, భూమికి సమాంతరంగా కొలిస్తే నూటనలభై చిల్లరే. భూమి తూటాను కిందికి లాగే లెక్క ఆ నూటనలభైకే. రెండు వందలకు సరిచేసిన గురితో కాలిస్తే దెబ్బ పైన పడుతుంది. పైకి కాల్చినా, కిందికి కాల్చినా పైనే. ఆ దూరానికి జానెడుకు కాస్త తక్కువ. ఆయన ఆ గీతలకేసి చాలాసేపు చూశాడు. ‘‘తెలుసు మాస్టర్‌జీ. అప్పుడూ తెలుసు. తక్కువ పట్టాలని తెలుసు. ఆ క్షణంలో పిల్ల తల్లి ఏడుపే చెవిలో ఉంది’’ అన్నాడు.

గాయపడ్డ చిరుత మరో పంతొమ్మిది రోజులు తిరిగింది. పంతొమ్మిది రోజులూ ఆ ఊరి పిల్లలు బడికి పోలేదు. ఆడవాళ్ళు గడ్డికి పోలేదు. చివరకు బోనులో పడింది. అదృష్టవశాత్తూ ఈలోగా ఇంకెవరూ పోలేదు. ఆయన ఆ పంతొమ్మిది రాత్రులూ ఊళ్ళోనే, ఆ తల్లి ఇంటి గడపలో పడుకున్నాడు. తరవాత తుపాకి అప్పగించి లైసెన్సు వదులుకున్నాడు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు నాకు మా పెదనాన్నగారు గుర్తొచ్చారు.

మాది గిద్దలూరు ప్రాంతం. కెన్నెత్ ఆండర్సన్ తన వేట పుస్తకాల్లో రాసిన దిగువమెట్ట అడవి మాకు దగ్గరే. ఆ దొర పాయింట్ 405 వించెస్టర్‌తో తిరిగేవాడు. మా పెదనాన్నగారు మద్రాసులో ఎవరో ఆఫీసరు దగ్గర సన్నగొట్టం తేలిక రైఫిల్ ఒకటి ముచ్చటపడి కొన్నారు. 1962లో జొన్నచేలో పడుతున్న పందిని కొట్టబోయారు. ఎంతో జాగ్రత్తగా బండచాటున కూర్చుని, తుపాకి బండమీద ఆనించి మరీ కాల్చారు. నలభై గజాలు. గుండు పైకి పోయి పంది వెన్ను గీసింది. పొదలోకి దూరిన పంది కోసం మా జీతగాడు ముందు వెళ్ళాడు. తొడ చీల్చింది. నన్ను భుజాలమీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయిన మనిషి, ఆ తరవాత బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. పెదనాన్నగారు అతనికి ఎకరం చేను రాసి ఇచ్చారు. ఆ రైఫిల్‌ను దరిద్రపు తుపాకి అని అమ్మేశారు. తన చెయ్యి వణికిందని ఎవరైనా అంటారేమోనని ఆయనకు బెంగ. చెయ్యి వణకలేదు, నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

ఈ సంగతి సుబేదారుకు చెప్పాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ‘‘బండమీద ఏమైనా పరిచారా? దుప్పటి గాని, టోపీ గాని?’’

ఏమీ పరచలేదు. గొట్టమే నేరుగా రాతిమీద.

ఆయన లేచి నా చేతికర్రను ముందు దుకాణం ముందరి రాతిమీద పెట్టి, వెనకనుంచి అరచేత్తో ఒక్కటి కొట్టాడు. కర్ర ఎగిరి పక్కకు పడింది. తరవాత రాతిమీద మడతపెట్టిన గోనె వేసి, దానిమీద పెట్టి అంతే బలంగా కొట్టాడు. కాస్త వెనక్కి జరిగి అక్కడే ఆగింది. గట్టిదానిమీద ఆనించిన తుపాకి, తూటా గొట్టం దాటేలోపే పైకి లేస్తుందట. తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతు, దానికి కాస్త పైన. ఆ కాస్తలోనే తేలిక తుపాకి లేవడం మొదలుపెడుతుంది. గొట్టం ఎప్పుడూ దేనిమీదా ఆనకూడదు. కర్రభాగాన్నే ఆనించాలి, దాని కింద మెత్తనిది ఏదైనా ఉండాలి, పైనుంచి చేత్తో పట్టి ఉండాలి. ‘‘బరువైన తుపాకి అయితే క్షమించేదేమో’’ అన్నాడు.

నేను హైస్కూల్లో ముప్పైయేళ్ళు చర్యా ప్రతిచర్యా సూత్రం చెప్పాను. ఏటా తుపాకి ఉదాహరణే చెప్పాను. ఒక్కసారి కూడా ఆ బండ నాకు గుర్తు రాలేదు.

బస్సు హారను కొట్టింది. దారి అయిందట. టీ డబ్బులు ఇవ్వబోతే సుబేదారు పుచ్చుకోలేదు. బదరీనారాయణుడికి తన పేరు చెప్పి దండం పెట్టమన్నాడు. ‘‘ఆ పిల్ల పేరు కూడా’’ అని, ఆ పేరు చెప్పాడు. ఇక్కడ రాయను. అక్కడ మాత్రం చెప్పాను.

బస్సు కదిలింది. మట్టి తోసిన చోట చక్రాలు అలకనంద అంచుకు జానెడు దూరంలో నడుస్తుంటే అందరూ గోవిందా గోవిందా అంటున్నారు. మా ఆవిడ చేగోడీల డబ్బా నా ముందుకు జరిపి, ‘‘ఏమండీ, అలా ఉన్నారేం?’’ అంది.

‘‘పెదనాన్నగారు గొట్టాన్ని బండమీద ఆనించారు’’ అన్నాను.

‘‘ఏ బండ?’’ అంది.

చెప్పడం మొదలుపెట్టాను. పూర్తయ్యేసరికి రుద్రప్రయాగ వచ్చేసింది. మందాకిని కనబడుతోంది.